చొక్కా అంచు నమిలే నీడ

పొద్దున్నే పాలు పితకడం అయిపోయాక పాలబాబాయ్ ఆవుల్ని ఎండలోకి వదిలేవాడు. చూడి ఆవుల నీడల పక్కన, వాటి కడుపులో ఉన్న దూడల నీడలు కూడా నేల మీద పడేవి. డెయిరీ పనివాళ్లు బకెట్లు మోస్తూ వాటిని తొక్కకుండా పక్కగా నడిచేవాళ్లు.

వారం నుంచి ఒక దూడ నీడ తల్లిని వదిలేసి పాలబాబాయ్ నీడ వెంట పడింది. అతని చొక్కా నీడ అంచు నోట పెట్టుకుని నములుతోంది. సీసాతో పాలు పట్టి అతను పెంచిన నల్లావుకి కూడా అదే అలవాటు ఉండేది. పోయిన చలికాలంలో అది చచ్చిపోయింది. అది నమిలి చిల్లులు పెట్టిన చొక్కానే బాబాయ్ ఇంకా వేసుకుంటున్నాడు. ఈ దూడని మోస్తున్న ఆవు దాని కూతురే.

"మళ్లీ వస్తున్నావటే?" అన్నాడు నేలవైపు చూసి.

ఆ సాయంత్రమే పశువుల డాక్టరమ్మ ఆ ఆవు పరీక్ష ఫలితం తెచ్చింది. ఉమ్మనీరు తీసి జన్యు పరీక్షకి పంపింది ఆవిడే.

"కోడెదూడ," అంది.

"మగదాంతో డెయిరీకేం పని? రేపు సూది వేసి కడుపు తీసేయండి," అన్నాడు యజమాని.

"ఉంచండి బాబూ. దాని దాణా నేను పెట్టుకుంటాను," అన్నాడు పాలబాబాయ్.

"నెలాఖరుకి పని మానేస్తున్నావు. దాణా ఎక్కణ్ణుంచి తెస్తావు బాబాయ్, నీ కంచంలోంచా?"

మర్నాడు డాక్టరమ్మ సూది సిద్ధం చేసుకుని నేలవైపు చూసింది. ఆవు నీడ ఒక్కటే ఉంది. చెయ్యి పెట్టి చూసింది. కడుపు ఖాళీ. పక్కనే బాబాయ్ నిలబడ్డాడు. ఆ బక్కమనిషి నీడకి ఎన్నడూ లేని బొజ్జ. డాక్టరమ్మ దాన్ని చాలాసేపు చూసి, సూదికి మూత పెట్టేసింది.

"చూడి నిలవలేదు," అంది.

"ఇలా పోవడం మూడోసారి," యజమాని విసుక్కున్నాడు. "ఇంక దీన్ని అమ్మేయాల్సిందే."

"నాకిచ్చేయండి బాబూ," అన్నాడు బాబాయ్.

"పని మానేటప్పుడు నీకు గోడగడియారం ఇద్దామనుకున్నాను కదా."

"పాలు పితికేవాడికి గడియారమెందుకు? ఆవునివ్వండి."

నెలాఖరున బాబాయ్ ఆవుని తోలుకుని గేటు దాటాడు. మలుపు తిరిగాక అతని నీడ సన్నబడింది. అందులోంచి చిన్న నీడ దిగి, ఆవు నీడలోకి దూరిపోయింది. ఆవు ఆగి, పొట్ట ఒకసారి కదిలించుకుని మళ్లీ నడిచింది.

బాబాయ్ వెనక్కి చూడలేదు. చొక్కా అంచు మాత్రం తడిగా తగిలింది.