పెండ్లి లేని పందిరి

శరత్కాల సాయంసమయము. వానకాలమంతయు వాగుల నీరు త్రావి నిండుచూలాలివలె పరుండియున్న ఆ యడవిచెరువు అస్తాద్రి నధిరోహించుచున్న భాస్కరుని కుంకుమకాంతులను తన తరంగములపై నెత్తుకొని యాడించుచుండెను. తీరమందలి మద్దికొమ్మలపై నీరుకాకులు తడిరెక్కల నార్చుకొనుచుండెను. పట్టణములనుండి వారాంతవిహారార్థమై యేతెంచిన జనులు పచ్చికపై నిలిపిన చిన్నచిన్న గుడారములు వాన వెలిసినపిదప మొలిచిన పుట్టగొడుగులవలె రంగురంగులై శోభిల్లుచుండగా ఆ నిశ్శబ్దరమణీయతనంతయు చెదరగొట్టుచు ఒక ట్రాలీ ఆటో గడగడ మ్రోయుచు వచ్చి యొడ్డున నిలిచెను.

దానిని నడపుచు వచ్చినవాడు ఓదెలు. నడివయస్సువాడు. ఏడవ తరగతిలోనే బడికి దండము పెట్టి ములుగుదారిలో టెంటుహౌసు పెట్టుకొని బ్రదుకుచున్నవాడు. ఊరివారి వివాహగృహప్రవేశాది శుభకార్యముల కన్నిటికిని గుంజలు పాతి వస్త్రవితానములు గట్టి రాజసింహాసనములవంటి కుర్చీలు వేసి పిమ్మట వంటశాల వెనుక చిట్టచివరి విస్తరిముందు కూర్చుండుట వానికి నుదుటివ్రాతయై పోయెను. చిన్ననాడు ఒకే బల్లపై కూర్చుండిన స్నేహితులు సైతము టెంటు కావలసినప్పుడు తప్ప తన్ను తలంపరను చేదు వాని గుండెలో గడ్డకట్టుకొనియుండెను.

అందుచేతనే యావారము వారిలో నొకడైన సమ్మిరెడ్డి ఫోను చేసినప్పుడు వాడు పలుకరింపైన లేక పెండ్లి యెవరిదని యడిగెను. బ్యాంకు ఉద్యోగియైన సమ్మిరెడ్డి నవ్వి పెండ్లియు లేదు పేరంటమును లేదనియు, తానును బడిపంతులు సారంగపాణియు బట్టలకొట్టు యాకూబును చెరువుగట్టున శని యాదివారములు గడపబోవుచున్నామనియు, వాడును రాక తప్పదనియు జెప్పి చివర నొక్కమాట చేర్చెను.

“టెంటు మాత్రం నువ్వే తేవాలెరా ఓదెలు.”

తన్నును రమ్మనిరి! టెంటువానివలె గాక దోస్తువలె రమ్మనిరి! ఆ సంతోషమున వానికి కాలు నేలపై నిలువలేదు. టెంటనగా వాడెఱిగిన టెంటొక్కటియే. స్నేహితులకు తక్కువ చేయరాదని యెంచి అంతవఱకు ఎవ్వరికిని బాడుగ కీయని జరీపూల షామియానాను ఇనుపగుంజలను ఎఱ్ఱతివాచీని తుదకు పెండ్లికొడుకు సింహాసనమును బండి కెక్కించి మీసము దువ్వుకొని దారిపొడవునను ఈల వేయుచు వచ్చెను.

బండిలోని సింహాసనమును గాంచి స్నేహితులు మువ్వురును క్షణకాలము కొయ్యబొమ్మలైరి. పిదప యాకూబు పొట్ట పట్టుకొని పచ్చికపై గూలబడెను. వీపుసంచిలో ఇముడునట్టి చిన్న గుడారమునే తాము కోరితిమనియు, టెంటుహౌసన్నపిదప అదియు నుండకపోవునా యని తలచితిమనియు సమ్మిరెడ్డి నవ్వులనడుమ వివరించుచుండగా ఓదెలు చుట్టునున్న పుట్టగొడుగులవంటి గుడారములను కలయజూచెను. అప్పటికి గాని వానికి తన పొరపాటు తెలియలేదు. చెవులు నిప్పులవలె వేడెక్కెను.

“నవ్వుండ్రి. టెంటోన్ని పిలిస్తె టెంటే వస్తది. దోస్తును పిలిస్తె దోస్తు వచ్చేటోడు.”

అని వాడు తాళపుచెవి చేతబట్టి బండివైపు తిరిగెను. నవ్వులు తటాలున నిలిచిపోయెను. సారంగపాణి పరుగున వచ్చి దారికడ్డముగా నిలిచెను.

“ఆగురా. ఒక్క మాట చెప్పి పో. మా అందరి పెండ్లిళ్లకు టెంటు నువ్వేసినవ్. నీ పెండ్లికి ఎవడేసిండు?”

ఓదెలు చెరువువైపు చూచుచు బదులు పలికెను.

“ఎవడేస్తడు? బాసింగం కట్టుకొనే గుంజలు పాతిన. అయ్యగారు పిలిస్తె మట్టిచేతులు కడుక్కొని పీటల మీద కూసున్న. మీరు పక్కకే పేకాడుతుండ్రి.”

అలలు ఒడ్డు తాకి మరలుచుండెను. అంతట సమ్మిరెడ్డి బండియెక్కి సింహాసనమును మోయలేక మోయుచు దింపి నీటియంచున నిలిపి ఓదెలు భుజములు బట్టి దానిపై గూలవేసెను.

“కూసో. లేచినవంటె కాళ్లిరగ్గొడ్త.”

అటుపిమ్మట ఆ తీరమున జరిగిన సంరంభము వర్ణనాతీతము. సంతకములు తప్ప మఱియొక పని యెఱుగని సమ్మిరెడ్డి గుంజను కౌగిలించుకొని పెనుగులాడెను. సారంగపాణి వేసిన ముడి లాగినప్పుడెల్ల విడిపోయెను. పుట్టగొడుగులలోని జనులును వెలువడి త్రాళ్లు పట్టి కేకలు వేయసాగిరి. తుదకు వితానము పైకి లేచెను గాని లోపలికి కనబడవలసిన జరీపూలు ఆకాశమునకును వెలిసిన అస్తరుగుడ్డ నేలకును ముఖమై యుండెను.

“యాకూబూ, బట్టలమ్ముతవు గదరా, బోర్ల యేదో ఎల్లెల్కల యేదో తెల్వదా?” అని ఓదెలు సింహాసనముపైనుండియే యఱచెను.

“పెండ్లికొడుకు మాట్లాడొద్దు,” అని యాకూబు త్రాడు వదలకయే గద్దించెను.

ఆ మాటకు ఓదెలే అందఱికంటె ముందుగా నవ్వెను. ఏనాటినుండియో గడ్డకట్టుకొనియున్నదేదో ఆ నవ్వుతో గూడ కరగి కన్నుల నీరై వచ్చెను. తివాచీ పఱచిరి. పొయ్యి వెలిగించిరి. యాకూబు వండిన బిర్యానీ దమ్మునుండి దిగినంతనే తొలివిస్తరి సింహాసనము ముందఱ పడెను.

వెన్నెలలో చెరువుగాలి మెల్లగా వీచుచుండగా తలక్రిందులైన ఆ పందిరి ఓడతెరచాపవలె ఉబ్బి ఒక ప్రక్కకు ఒరిగియుండెను. తూర్పుగుంజ త్రాడొక్కటి బిగించిన చాలును, అది చక్కనగును. ఓదెలు చేయి తనంతట తానే ఆ త్రాటివైపు లేచెను. జీవితమంతయు ఇతరుల పందిళ్ల వంకరలు సరిచేసిన ఆ చేతిని వాడు మెల్లగా వెనుకకు దీసికొని విస్తరిపై నుంచెను. తనకొఱకు వేయబడిన ఆ మొట్టమొదటి పందిరి అటులనే వంకరగా, నీటిలో తన నీడను చూచుకొనుచు, నిలిచియుండెను.