వదిన ఓడకు పిట్ట పాట

సిటీ బస్సు నడిపే వదినకు చీలమండ విరిగింది బస్సులో కాదు, బాత్రూములో. ఇన్నేళ్ళ సర్వీసులో ఎవరి సైకిలుకూ గీత కూడా పడనివ్వని మనిషి, సబ్బుముక్క మీద కాలేసి వెల్లకిలా పడింది. డాక్టరు మోకాలిదాకా సిమెంటు కట్టు వేసి, తను చెప్పేదాకా ఆ కాలు నేలకు ఆనించవద్దన్నాడు. కట్టుకన్నా ఆ మాటే వదినను ఎక్కువ బాధపెట్టింది.

ఒకచోట కూర్చోవడం ఆమె జాతకంలో లేదు. బస్సు లేదు కాబట్టి సోఫాలోంచే ఇల్లు నడపడం మొదలుపెట్టింది. ఆ గిన్నె అక్కడ కాదు, ఆ కిటికీ రెక్క సరిగా పడలేదు, ఆ తువ్వాలు ఎవరిది. వారం తిరిగేసరికి అందరి తలప్రాణం తోకకొచ్చింది. చివరికి అన్న, లిఫ్టులు బాగుచేసేవాడు కదా, వైర్లతో చనువెక్కువ, తన పాత కంప్యూటరును టీవీకి తగిలించి, ఒక ఆట ఎక్కించి, మీటలున్న పెట్టె ఆమె చేతిలో పెట్టాడు.

"ఇదిగో, ఓడ. దీవి నుంచి దీవికి సరుకు చేరవెయ్యాలి. దీన్ని నడుపుకో, మమ్మల్ని ఒదిలెయ్యి."

వదిన మూతి ముడిచింది. "నేనేం చంటిపిల్లనా?" అంది. సాయంత్రానికల్లా భోజనానికి పిలిచినా పలకలేదు.

ఇల్లు ప్రశాంతంగా ఉంది. ఒక్క పిట్టకు తప్ప.

పిట్ట అంటే అన్నకు చెల్లెలు. సన్నగా ఉంటుంది, ఎప్పుడూ ఏదో కూనిరాగం తీస్తుంటుంది, అందుకని ఇంటిల్లిపాదికీ పిట్టే. పొద్దుట బడిలో పిల్లలకు వయొలిన్ నేర్పుతుంది. మధ్యాహ్నం ఇంటికొచ్చి, తన గదిలో కూర్చుని సొంతంగా సంగీతం కడుతుంది. మాటలుండవు, వయొలినే మాట్లాడాలి. ఆ గదికీ హాలుకూ మధ్య ఉన్నది ఒక్క ప్లైవుడ్ తలుపు. ఆ తలుపులోంచి ఓడ ఆట పాట దూరి వచ్చేది. అరనిమిషం పాట. టిటింగ్ టింగ్ టిటింగ్ అని అయిపోయి, ఊపిరైనా తీసుకోకుండా మళ్ళీ మొదలయ్యేది. పిట్ట వయొలిన్ భుజానికెత్తితే చాలు, తీగల మీద లాగే కమాను దానంతటదే టిటింగ్ వైపు పరిగెత్తేది.

"వదినా, ఆ మోత కట్టెయ్యకూడదూ?"

"మోత లేకపోతే ఓడ నడుస్తున్నట్టే ఉండదే," అంది వదిన తెర మీంచి చూపు తిప్పకుండా. "అయినా నీ ఏడుపు పాటలకన్నా నయమే కదా."

సరదాకే అంది. వాళ్ళిద్దరి మధ్యా అలాంటి మాటలు మామూలే. కానీ ఆ మాట పిట్టకు ముల్లులా గుచ్చుకుంది. ఎందుకంటే అది నిజమేమోనని ఆమెకే అనుమానం. బడి కచేరీలో పిట్ట వాయిస్తుంటే వదిన ముందు వరసలోనే గుర్రుపెట్టింది. పాట మధ్యలో ఉలిక్కిపడి లేచి, అయిపోయిందనుకుని ఒక్కతే చప్పట్లు కొట్టింది.

అన్న వదినను ఆస్పత్రికి తీసుకెళ్ళిన రోజు, పిట్ట ఆ కంప్యూటరు ముందు కూర్చుంది. ఆట దాచుకున్న సరంజామా అంతా వెతికితే ఒకచోట పాటలు విడివిడిగా దొరికాయి. వాటిని పక్కకు తీసిపెట్టి, ఆ పేర్లతోనే తన సంగీతం పెడితే ఆట దాన్నే వాయిస్తుంది. ఇంత తేలికా అనుకుంది. ఏడాదిగా చెక్కుతున్న తన పెద్ద పాటను తెచ్చి, ఉన్న ప్రతి పేరు మీదా దాన్నే పెట్టేసింది. పేర్లన్నీ రెండేసిసార్లు సరిచూసుకుంది. దొంగతనం బయటపడుతుందని కాదు, వదిన వింటుందని.

వదిన వచ్చి సోఫాలో కూలబడి, కాలు స్టూలు మీద పెట్టుకుని, ఓడ తీసింది.

"ఇదేంటి, పాట మారింది?"

"కొత్తది వచ్చిందేమో," అంది పిట్ట, తలుపు చాటునుంచి.

"ఊఁ. బానే ఉంది."

పిట్ట గాలిలో తేలింది. గదిలోకి వెళ్ళి పిల్లల పుస్తకం తిరగేసి పట్టుకుని కూర్చుంది. ఆ సంతోషం ఎంతోసేపు లేదు. హాల్లోంచి "అయ్యో!" అని కేక. ఓడ మునిగింది. ఇంకోసారి బయల్దేరింది, రాళ్ళకు కొట్టుకుంది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. రేవు కనిపించేలోగానే తుఫాను వచ్చి మీదపడేది.

"చెప్పాపెట్టకుండా వచ్చేస్తోందే ఇది," అంది వదిన. "మొన్నటిదాకా ముందే తెలిసేది. ఎలా తెలిసేదో తెలీదు గానీ, తెలిసేది. చెయ్యి దానంతటదే తిరిగేది."

మూడోనాటి సాయంత్రం పిట్ట హాల్లోకి వస్తే టీవీ కట్టేసి ఉంది. వదిన తన అరచేతులు చూసుకుంటోంది.

"ఏమైంది వదినా?"

"నా చేతివాటం పోయిందే పిట్టా." గొంతులో వేళాకోళం లేదు. "కాలు కాదు, చెయ్యే పోయింది. ఉత్త బొమ్మ ఓడను ఒడ్డుకు చేర్చలేనిదాన్ని, నలభై మందిని ఎక్కించుకుని నేనేం తిప్పుతాను?"

పిట్ట మీటల పెట్టెను పక్కకు జరిపింది. సోఫా అంచున కూర్చుని, ఉన్నదున్నట్టు చెప్పేసింది.

వదిన గుడ్లప్పగించి చూసింది. "అంటే నేను బండి నడుపుతుంటే నువ్వు స్టీరింగు మార్చావన్నమాట," అంది. అంతే, కట్టేసి ఉన్న టీవీ వైపే తిరిగి భోంచేసింది. అన్న ఒకరి ముఖం ఒకసారి, ఇంకొకరి ముఖం ఒకసారి చూసి, ఎందుకొచ్చిన గొడవ అని తన కంచం తనే కడుక్కున్నాడు.

పిట్ట పాత పాటలు తిరిగి పెట్టేసింది. పొద్దున్నే వదిన ఓడ తీసి, మొదటి తుఫానును గడప దాటినట్టు దాటేసి, "ఇలా రావే," అని కేకేసింది.

"చెప్పు. నీ పాట నన్నెందుకు ముంచింది?"

"నాకూ తెలీదు. ఈ పాటలో నీకేం వినిపిస్తోంది?"

"నేను పాటెక్కడ వింటానే? ఓడ నడుపుతా. బస్సులో ఇంజను చప్పుడు వింటానా? వినను. మారితే మాత్రం తెలుస్తుంది."

పిట్ట అప్పుడు మొదటిసారి ఆ పాటను పగ లేకుండా విన్నది. టిటింగ్ అడుగున ఒక డోలు మెల్లగా నడుస్తోంది. ఆకాశం నల్లబడకముందే ఆ డోలు ఒక్క దెబ్బ తప్పుతుంది. రాళ్ళ దగ్గర పైస్వరం జారిపోతుంది. రేవు దగ్గరపడితే అన్నీ ఒక మెట్టు పైకెక్కుతాయి. ఒక్కో పేరు మీద ఒక్కో పాట అందుకే ఉంది. తనేమో అన్నిటి మీదా ఒకే దుప్పటి కప్పేసింది.

"కట్టినవాడు గట్టివాడు," అంది పిట్ట.

"అయితే నువ్వూ కట్టు. నేను నడిపి చూస్తా."

అలా మొదలైంది. మధ్యాహ్నాలు తలుపు తెరిచే ఉండేది. పిట్ట ఒక ముక్క వాయించి కంప్యూటరులో పెట్టేది, వదిన దాని మీద ఓడ నడిపేది. మొహమాటం లేని మనిషి కాబట్టి తీర్పులు సూటిగా వచ్చేవి.

"ఇక్కడ ఏడవకు. సరుకు దించుతున్నాను. పని చేసేచోట ఏడిస్తే ఎలా?"

"రాళ్ళ దగ్గర నీ వయొలిన్ సన్నగా కోస్తోంది చూడు, అది ఉంచు. ఒళ్ళు జలదరించింది."

"ఈ మధ్యలోది తీసెయ్."

"అది నా ప్రాణం వదినా!"

"ప్రాణమైతే నీ దగ్గరే పెట్టుకో. ఓడలో బరువెక్కువైంది."

పిట్ట రెండు రోజులు అలిగి, మూడోరోజు తీసేసింది. తీసేశాక మిగిలింది తేలిగ్గా, దానంతటదే నడిచింది. ఎన్నిసార్లు తిరిగి మొదలైనా విసుగు పుట్టలేదు. వదిన గంటసేపు ఆడి, ఒక్కసారైనా మునగక, పాట గురించి ఒక్క మాటైనా అనకపోతే, అదే పెద్ద మెప్పని పిట్టకు అర్థమైంది.

సిమెంటు కట్టు విప్పిన వారం వదిన చిట్టచివరి దీవి చేరింది. ఓడ రేవులో ఆగింది, తెర మీద పేర్లు మెల్లగా పైకి పోతున్నాయి, కొత్త పాటేదో వస్తోంది. ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. ఆ పేర్లలో ఇదీ ఒకటై ఉండాలి గానీ, ఇక్కడికెప్పుడూ రాలేదు కాబట్టి పిట్ట దీన్ని వినలేదు. ఒక్క పియానో. తొందర లేదు, గొప్ప చెప్పుకోవడం లేదు. అలిసిపోయి ఇంటికొచ్చిన మనిషి చెప్పులు విడుస్తున్నట్టుంది.

వదిన కళ్ళు తుడుచుకుంది. "దీనికి కూడా నీది కడతావా?"

"వద్దు వదినా. ఇది ఇలాగే ఉండనీ."

సంగీతం అని రాసినచోట ఒకే ఒక్క పేరు ఉంది. చదివేలోపు పైకి వెళ్ళిపోయింది. పిట్ట పేర్లను మళ్ళీ మొదట్నుంచి రప్పించి, ఈసారి చదివింది.

కాలు కుదుటపడి డాక్టరు సరేనన్నాక, ఒక సోమవారం వదిన డ్యూటీకి వెళ్ళింది. సాయంత్రం భుజాన సంచితో లోపలికొచ్చేసరికి, పిట్ట సోఫాలో ముందుకు వంగి, మీటల పెట్టెను రెండు చేతులా గట్టిగా పట్టుకుని, తన పాట మీద తనే ఓడ నడుపుతోంది. వయొలిన్ సన్నగా కోస్తోంది.

"కుడికి తిప్పవే! నువ్వు కట్టిన పాటే నీకు వినపడట్లేదా? కుడికి!"

ఓడ రాళ్ళకు కొట్టుకుంది. వదిన సంచి కింద పడేసి, "జరుగు," అంటూ పక్కన కూర్చుంది.