బదులు వస్తువు

“నాలుగు శాతం కలిపాను, చూసుకో,” అంటూ భర్త ఒకటో తారీఖు పొద్దున్నే ఇంటి ఖర్చుల డబ్బు బిస్కెట్ల డబ్బాలో పెట్టాడు. “నా సొంత లెక్క కాదు. ధరలు అంతే పెరిగాయని మీ ఆఫీసు వాళ్లు చెప్పిందే.”

ఆమె అతని చొక్కా కాలరు రుద్దుతోంది. తలెత్తలేదు. ఆ అంకెలో తన కాళ్లనొప్పులు కూడా ఉన్నాయి మరి. గణాంకాల ఆఫీసులో ధరలు రాసుకొచ్చే తాత్కాలిక ఉద్యోగి ఆమె. జీతం ఇంటి అప్పుకి పోతుంది. బజారంతా ఆమెను ధరలమ్మ అంటారు. “ధరలమ్మ వస్తోంది, తగ్గించి చెప్పండి, పేపర్లో పడుతుంది,” అని నూనె కొట్టాయన నెలనెలా అదే హాస్యమాడతాడు. ఆమె నెలనెలా కొత్తగా విన్నట్టు నవ్వుతుంది. పనికి ఒకటే సూత్రం: అదే కొట్టు, అదే వస్తువు, అదే తూకం. ఆ వస్తువు దొరక్కపోతే దాని బదులు జనం ఏది కొంటున్నారో రాసి, పక్కన ‘బ’ అని వెయ్యాలి. వెయ్యకపోతే లెక్క అబద్ధమవుతుంది.

ఉద్యోగం ఖాయం కావాలంటే పరీక్ష రాయాలి. అది వచ్చే నెల పదిన. వయసు దాటిపోతోంది కనుక ఇదే ఆఖరిసారి. పుస్తకం కొని ఏడాదైనా ముప్ఫయ్యో పేజీ దాటలేదు. “ఇంట్లో ఉన్నది ముగ్గురం. టైమంతా ఎక్కడ పోతోందో నాకైతే అంతుబట్టదు,” అంటాడు భర్త. “తెల్లారుజామున లేచి చదువుకోమనరా,” అంటుంది అత్తగారు, తెల్లారుజామున కోడలు పెట్టిచ్చిన టీ తాగుతూ.

ఆ వారం ఆఫీసులో పెద్దసారు కొత్త పని పెట్టాడు. ఇళ్లను ఖర్చును బట్టి ఐదు మెట్లు చేసి, ఏ మెట్టుకి ధరలెంత పెరిగాయో విడివిడిగా కట్టాలి. కట్టి చూస్తే పై మెట్టుకి రెండు శాతం, కింది మెట్టుకి పదకొండు. “చూశావా అమ్మాయ్,” అన్నాడాయన. “పైవాళ్ల బుట్టలో ఫోన్లు, టీవీలు, విమానం టిక్కెట్లు. అవి చవకయ్యాయి. కిందివాళ్ల బుట్టలో ఉన్నదంతా తిండీ సబ్బూనే. అవి మండిపోతున్నాయి. అన్నీ కలిపేస్తే నాలుగు. ఆ నాలుగు ఎవరింట్లోనూ ఉండదు.”

“ఒకే ఇంట్లో రెండు బుట్టలుంటే సార్?”

ఆయన నవ్వాడు. “ఇల్లంటే మనకి ఒకటే పద్దు. లోపలికి తొంగిచూడటం మన పని కాదమ్మా.”

సాయంత్రం ఆమె తొంగిచూసింది. భర్త తన చేతిలో ఉంచుకునేది ఫోను, బండి ఖర్చులు. అవి తగ్గాయి, లేదా ఉన్నచోటే ఉన్నాయి. బిస్కెట్ల డబ్బాలోంచి పోయేవన్నీ పొయ్యి మీదకో నీళ్లలోకో వెళ్లేవే. వృత్తి అలవాటుకొద్దీ దాచుకున్న పోయినేటి బిల్లులు తీసి ఇవాళ్టి ధరలతో కట్టింది. డబ్బా వరకు పెరుగుదల ఇరవై శాతం. మరి ఏ నెలా చేయి చాచకుండా ఎలా నెట్టుకొచ్చింది? వంటింటిని కొట్టులా, పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చింది. బట్టల పౌడరు ఉండేచోట సబ్బు బిళ్ల, రోజూ ముప్పావుగంట రుద్దుడు. ఒలిచిన బఠాణీల బదులు కాయలు, కూర్చుని ఒలుచుకోవడం. వీధి మలుపు కొట్టు బదులు ఊరవతలి మార్కెట్టు, పోనూరానూ నడక. కొత్త దుప్పటి బదులు పాతదానికి కుట్లు. అన్నిటి పక్కనా ‘బ’. ధర పెరిగిన ప్రతిచోటా ఆ వస్తువు తప్పుకుంది, ఆ ఖాళీలో తను కూర్చుంది. తన గంటలకి ధర లేదు కనుక ఇంటి లెక్కలో ఏదీ పెరగలేదు. పక్కవాళ్ల బజారుని ఇన్నేళ్లు నిజాయితీగా రాసి, సొంత వంటింట్లో దొంగ లెక్క రాసింది. ఎవరూ రాయమనలేదు కూడా. గడుసుదానివని అత్తగారు నలుగురిలో మెచ్చుకుంటే పొంగిపోయింది.

మర్నాటి నుంచి ఇంటికి కూడా అదే కొట్టు, అదే వస్తువు, అదే తూకం. సాయంత్రం ఆరుకల్లా పుస్తకం తెరిచేది. పేజీలు ముప్ఫై దాటాయి, నూరు దాటాయి.

ఇరవై ఆరో తారీఖున భర్త డబ్బా మూత తీసి, బోర్లించి, తట్టాడు. “ఏంటిది? నాలుగు శాతం కలిపే ఇచ్చానుగా?”

“ఇచ్చారు. పోయినేడు ఇదే నెలలో కొన్నవే కొన్నాను. బిల్లులు పక్కపక్కనే పెట్టాను, చూడండి.”

అతను చూశాడు. రెండుసార్లు చూశాడు. “మరి పోయిన నెల దాకా సరిపోయిందిగా?”

“సరిపోలేదు. తక్కువైనంత మేరా నేను పని చేశాను. ఈ నెల చెయ్యలేదు.”

మంచం మీంచి అత్తగారు ఏదో అనబోయి, కోడలి వేళ్లకేసి చూసింది. సబ్బుకి పగిలిన చోట కొత్త చర్మం వస్తోంది.

భర్త తలుపు వెనక తగిలించిన సంచీ తీసుకున్నాడు. జేబు తడుముకుని, “నువ్వు వెళ్లొచ్చే ఆ చవక మార్కెట్టు ఎక్కడుంది?” అన్నాడు.

“ఊరవతల, రెండు మైళ్లు,” అందామె పేజీ తిప్పుతూ. “బండి తియ్యకండి. తీస్తే పెట్రోలుకే పోయి చవక మిగలదు.”