జవాబు రాసినవారు

రెండువేల పదకొండు సెప్టెంబరు ఇరవై ఆరు, సోమవారం. ఆ ఉదయం రామమోహనరావు తిన్నది చద్దన్నం, మజ్జిగ, ఒక మాగాయ టెంక. భార్య హనుమాయమ్మ పోయి ఏడేళ్లయినా ఒక్కడికి సరిపడా వండడం ఆయనకు ఇంకా చేతకాలేదు. ఆదివారం వండింది సోమవారానికి మిగులుతుంది.

చెయ్యి కడుక్కుని ఫైళ్ల సంచీ భుజానికి తగిలించుకున్నాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. తెనాలి నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకే ఆడిట్ ఆఫీసులో ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్నాడు. తల్లిదండ్రులు లేని పిల్లల్ని వేరే కుటుంబాల్లో పెంచే పథకం ఒకటుంది. ఆ పిల్లలు ప్రభుత్వ సాయానికి అర్హులో కాదో ఇంటింటికీ వెళ్లి తేల్చడం ఇప్పుడు ఆయన పని. అరవై ఇళ్లలో యాభై తొమ్మిది అయ్యాయి. నివేదిక మర్నాడు ఉదయమే పంపాలి.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మెతో బస్సులు లేవు. చైతన్యపురిలో షేర్ ఆటో ఎక్కాడు.

"మీవి కోస్తా మాటలున్నయి సార్. తెలంగాణ ఒస్తే ఉంటరా, పోతరా?" అన్నాడు డ్రైవరు.

"ముందు ఎల్బీనగర్ రానీ నాయనా."

ఆటో అంతా నవ్వింది. సంచీ నలుగుతోందని డ్రైవరే దాన్ని తీసుకుని తన పక్కన పెట్టుకున్నాడు.

మన్సూరాబాద్‌లో ఆ ఇల్లు రెండు గదుల కిరాయి వాటా. యాదలక్ష్మి గడప దగ్గర కూర్చుని చీరకు ఫాల్ కుడుతోంది. ఆమె భర్త లింగస్వామి డిపోలో బస్సులు కడుగుతాడు. బస్సులు తిరగక వారంరోజులుగా కూలి లేదు. బడులు కూడా మూసేశారు కాబట్టి, వాళ్లు పెంచుకుంటున్న సౌజన్య ఇంట్లోనే ఉంది. తొమ్మిదేళ్లు. రెండు జడలు, ఊడిన పన్ను.

రామమోహనరావు పిల్ల పడుకునే చోటు చూశాడు, బడి పుస్తకాలు చూశాడు. వాకిట్లో ఆమె చెప్పులు పాదాలకన్నా వేలెడు పెద్దవి. వచ్చే ఏడాదికీ పనికొస్తాయని కొన్నవి. ఆ సంగతి రాసుకోవడానికి ఆయన కాగితాల్లో గడి లేదు.

రేషన్ కార్డు చివర్న అడిగాడు. అందులో సౌజన్య పేరు పక్కన 'కూతురు' అని ఉంది.

"ఇలా ఎవరు రాయించారమ్మా?"

"నేనే సార్. ఏంది, తప్పా?"

ఈ సాయం పరాయి పిల్లను పెంచేవాళ్లకని, కార్డు ప్రకారం ఈ పిల్ల సొంత బిడ్డ అవుతోందని గొంతు తగ్గించి చెప్పాడు. అనర్హత అని రాస్తే విచారణ అయ్యేదాకా పిల్ల ప్రభుత్వ హోములో ఉండాలని కూడా చెప్పాడు. దాచడం ఆయనకు రాదు.

సూది ఆగింది. "మల్ల తీస్కపోతరా?"

ఆయన నిలువునా గీత గీసిన కాగితం తీసి ఎడమ సగంలో తన అభ్యంతరం రాశాడు. "కుడి సగం మీదమ్మా. మీ జవాబు అక్కడ ఉంటేనే దీన్ని పైకి పంపేది."

"నాకు రాదు గద సార్."

"నాకొస్తదే అమ్మా, నేను రాస్త," అంటూ సౌజన్య పెన్ను పట్టుకుని కాగితం ముందు బాసింపట్టు వేసుక్కూర్చుంది. "చెప్పు."

"రాయి బిడ్డా... గీ పిల్ల నా..." యాదలక్ష్మి ఆగింది. పిల్ల తల వంచుకుని ఎదురుచూస్తోంది. యాదలక్ష్మి ముఖం పక్కకు తిప్పుకుంది. "కార్డుకు ఫోటో దిగినప్పుడు గూడ గిట్లనే సార్. గా సారు, గీ పిల్ల నీకేమైతది అన్నడు. ఇది నా కొంగు పట్టుకోని నిలవడ్డది. దీని ముందట కాదని ఎట్లంట?"

జవాబు సగాన్ని ఆడిటర్ ముట్టుకోకూడదు. ముప్పై ఏళ్లలో ఒక్కసారీ ముట్టుకోలేదు. రామమోహనరావు పిల్ల చేతిలోంచి మెల్లగా పెన్ను తీసుకుని, "కాసిని మంచినీళ్లు తెస్తావామ్మా?" అన్నాడు. ఆమె లోపలికి వెళ్లగానే యాదలక్ష్మి అన్న మాటల్ని ఉన్నవి ఉన్నట్టు కుడి సగంలో రాశాడు. ఆమె వేలిముద్ర వేసింది. వేలిముద్ర కింద రాసినవారి పేరు ఉండాలి. తన పేరు రాశాడు.

సాయంత్రం ఆఫీసులో చక్రపాణి ఆ కాగితం రెండుసార్లు చదివాడు. ఆఫీసు యజమానే అయినా రామమోహనరావు దగ్గరే పని నేర్చుకున్నవాడు.

"పరీక్ష పెట్టినాయనే పేపరు రాసిచ్చినట్టుంది గురువుగారూ! మన ఆఫీసు మనిషి రాసిన జవాబు ఎలా చెల్లుతుందండీ? పొద్దున్నే ఇంకొకర్ని పంపి, పక్కింటివాళ్ల చేత మళ్లీ రాయిద్దాం."

"బడుల్లేవు. మళ్లీ ఆ పిల్ల ముందే అడగాలి కదండీ."

చక్రపాణి కాగితాన్ని ఫైలు మీద పెట్టాడు.

"నేను ఈ ఆఫీసు మనిషిని కాకపోతే చెల్లుతుందా?"

"ఇంత చిన్న విషయానికా?"

"పిల్లకి చిన్నది కాదండీ."

రామమోహనరావు ఒక తెల్లకాగితం తీసుకుని రెండు వాక్యాలు రాసి ఇచ్చాడు. చక్రపాణి ఆ రాజీనామా చదివి ఫైల్లో పెట్టాడు. తర్వాత అభ్యంతరం కింద తనే సంతకం చేశాడు. జవాబు రాసిన వ్యక్తి ఈ రోజుతో సంస్థను విడిచారని దాచకుండా చేర్చాడు. చివర్న, 'వివరణ అంగీకరించడమైనది. కార్యాలయాలు తెరిచాక కార్డు సరిచేయించాలి. అర్హురాలు,' అని రాశాడు.

ఆ చివరి మాట చూసుకుని రామమోహనరావు లేచాడు. "వస్తానండీ," అని, రోజూలాగే రెయిలింగు పట్టుకుని మెట్లు దిగాడు.

చక్రపాణి లైట్లు తీస్తూ ఆయన కుర్చీ దగ్గర ఆగాడు. పాత నేతచీర ముక్కలతో కుట్టిన మెత్త ఒకటి అందులో ఉండిపోయింది. హనుమాయమ్మ కుట్టిచ్చిందని ఎప్పుడో ఆయనే చెప్పాడు. పిలుద్దామని కిటికీలోంచి చూస్తే రోడ్డు నిండా జనం, సమ్మె టెంటు దగ్గర డప్పులు. మెత్తను కదపకుండా, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేశాడు. సన్నబడుతున్న వెలుగులో అది కుర్చీలో అలాగే ఉంది, మధ్యలో మనిషి కూర్చున్నంత గుంటతో.