బెరడు పైకి

మూడు స్ట్రోకులు వచ్చినా మా ఆయనకు తగ్గనిది ఒక్కటే, పొగరు. మొదటిది ఎడమ చేతిని పట్టుకుపోయింది, రెండోది మాటల్లో సగాన్ని, మూడోది ఎడమ కాలిని. పొగరు జోలికి మాత్రం ఏదీ పోలేకపోయింది. చొక్కా గుండీ పెట్టబోతే నా చేతిని ఈగను తోలినట్టు తోలేస్తాడు. పావుగంట కుస్తీ పట్టి, తప్పు కాజాలో దూర్చి, పందెం గెలిచినవాడిలా చూస్తాడు.

అమెరికా ఉత్తరాన మేన్ రాష్ట్రంలో మా వైపు మగవాడి విలువ అతను పేర్చిన పొయ్యికట్టెల్లో చూస్తారు. మా ఆయన నార్బర్ట్ పేర్చిన వరసలు చూడటానికి చర్చికి వెళ్లే కార్లు నలభై ఏళ్లు మా ఇంటి ముందు నెమ్మదించాయి. ఈ సెప్టెంబరులో చీల్చిన కట్టెల లోడు దిగగానే, "నేనే," అన్నాడు. ఇంటి ముందు కుర్చీ వేయించుకుని, కుడిచేత్తో ఒక్కో కట్టె. మధ్యాహ్నానికి మోకాలెత్తు వరస. అదీ తాగినవాడిలా రోడ్డు వైపు ఒరిగి.

అతను భోంచేసి పడుకోగానే నేను వెళ్లి, ఆ వరస కూలదోసి మళ్లీ పేర్చేదాన్ని. అతని కాళ్ల మీద పడుతుందేమోనని, అని నాకు నేనే చెప్పుకునేదాన్ని.

లేచాక కిటికీలోంచి చూసి, "బాగుంది?" అనేవాడు.

"నీ చెయ్యేగా మరి."

మూడు వారాలు అలా గడిచాయి. ఆ మూడు వారాలూ సూప్ తనే తాగాడు, రేడియోతో పోట్లాడాడు.

ఒక పొద్దున కుర్చీలోంచి లేవలేదు.

"ఏంటి, దొరగారికి ఇవాళ సెలవా?"

"బెరడు."

"ఏ బెరడు?"

"కింద." మాట కోసం తడుముకున్నాడు. "నేను... పైకి పెడతా. ఎప్పుడూ."

నిజమే. పైవరసలో బెరడు పైకి ఉంటే వాన జారిపోతుంది. నేను చేతికొచ్చినట్టు పెట్టాను.

"గాలికి పడితే రెండు కట్టెలు సర్దానులే."

"గాలి," అన్నాడు. "రోజూ... నేను పడుకోగానే... గాలి. కదా, ఓడిల్?"

మర్నాడు నేను గుండీలు పెడుతుంటే చెయ్యి తోలలేదు. చెంచా నోటి దగ్గర పెడితే నోరు తెరిచాడు. మూతి తుడిస్తే తుడవనిచ్చాడు. ఇంట్లో పొగరు లేదు. పోట్లాడటానికి మనిషీ లేడు.

నాలుగో రోజు తొలి మంచు పడింది. మిగిలిన కట్టెలు గుట్టగానే తడుస్తున్నాయి.

"లే, ముసలాడా. కోటు తొడుగుతాను, వెళ్లి పేరుద్దువుగాని."

"నువ్వే పేర్చు," అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. "నువ్వు... బాగా పేరుస్తావు."

అతని ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. సగం పెట్టిన అతని చొక్కా గుండీ నా వేళ్ల మధ్యే ఉండిపోయింది.

"గాలి కాదు, నార్బర్ట్. నేనే. నీ మీద పడుతుందనీ కాదు. ఆదివారం కార్లలో వాళ్లు చూసి ఏమనుకుంటారో అని. తప్పు చేశాను."