నెరెయిదా వాటా పండు

పినార్ కొండల కింద మా లోయలో ఏ ఇంటి గుట్టయినా నా ముక్కుకు తెలిసిపోతుంది. పొగ చూస్తే చాలు, ఆ చుట్ట ఏ పొలం ఆకుతో చుట్టారో చెప్పేస్తాను. ఒకసారి నేను వదిలిన పొగలో దారి తప్పిన గద్ద మా ఇంటికప్పు మీదే గూడు కట్టుకుని కాపురం పెట్టింది. అలాంటివాడికి పక్కింటి ఎవెలియో పెళ్లాం నెరెయిదా మనసులో ఏముందో తెలియకుండా పోతుందా?

ఆ పొద్దున ఆమె ఆకు గుచ్చుతోంది. మంచుకు తడిసిన పచ్చి పొగాకును సూదీ దారంతో కర్రకు కుట్టి, ఆరబెట్టే కొట్టంలోకి అందించాలి. మోచేతులదాకా జిగురు. ఉన్నట్టుండి తల తిరిగింది, నోట్లో నీళ్లూరాయి. కర్ర వదిలేసి కొట్టం వెనక్కి పరిగెత్తి వాంతి చేసుకుంది. అది ఆకు మైకమని ఆమెకు తెలుసు. తడి ఆకులోని విషం చర్మంలోంచి ఎక్కుతుంది. కానీ మా దగ్గర ఆకు మైకం పట్నం నుంచి కోతకొచ్చే కొత్తవాళ్ల జబ్బు. పొగాకు ఇంట పుట్టి, పొగాకు ఇంటికి కోడలైనదానికి ఆకు పడలేదంటే నవ్విపోతారు. ఎవరి పెళ్లామో ఇలాగే కక్కుకుందని తెలిసి, ఆకు పడని ఆడదాన్ని తెచ్చుకునే కంటే మేకను తెచ్చుకోవడం నయమని అన్నాడు ఎవెలియో ఒకనాడు భోజనం దగ్గర. అందరితోపాటు ఆమె కూడా నవ్వింది.

మూతి తుడుచుకుంటుంటే అత్త ఒబ్దూలియా చూసింది. చూసి తనకు కావలసినట్టు అర్థం చేసుకుంది.

"ఎన్నాళ్ల నుంచి దాస్తున్నావే?"

నెరెయిదా కాదనలేదు. అంతే ఆమె చేసిన తప్పు. సాయంత్రానికి లోయంతా ఆమె కడుపు గురించే మాట్లాడుకుంది.

ఆ ఇంట్లో పండు ఎవెలియోది. వైద్యశాల నర్సు ఒకసారి వచ్చి అతనితో, చుట్ట మానడమే అన్నిటికన్నా మేలని, మానలేకపోతే పళ్లయినా తినమని, పొగాకు విషాన్ని ఒళ్లు కొంత తట్టుకోవడానికి అవి సాయపడొచ్చని చెప్పింది. ఆకు ముట్టుకునేవాళ్లూ పొగ పీల్చేవాళ్లూ కూడా తినాలంది. ఇంట్లోవాళ్లు మగవాడి గురించి అన్నంతవరకే విని ఊరుకున్నారు. అప్పట్నుంచి జామైనా బొప్పాయైనా అతని పళ్లెంలోకే. కోసేదీ గింజలు తీసేదీ నెరెయిదా. తొక్కకంటిన గుజ్జును అటు తిరిగి పంటితో గీరుకు తినేదీ ఆమే.

ఇప్పుడా పళ్లెం ఆమె ముందుకొచ్చింది. తిన్నది. నాలుక మీద తీపి, ముఖం నిండా సిగ్గు. లేని బిడ్డ నోటి దగ్గరిది లాక్కు తింటున్నట్టుంది. పెళ్లయి ఇన్నేళ్లకు అత్త మొదటిసారి ఆమె తల దువ్వింది. ఆ చెయ్యి ఎంత మెత్తగా ఉందో, అది తన కోసం కాదన్నది అంత గట్టిగా తెలిసింది. తను వట్టి మనిషి, వట్టి మనిషికి ఈ ఇంట్లో దువ్వెనా లేదు, పండూ లేదు అనుకుంది. చెప్పేస్తే పళ్లెం వెనక్కి పోతుంది, చెప్పకపోతే అబద్ధం పెరుగుతుంది, కడుపు పెరగదు. ఇలా మథనపడుతుండగానే ముట్టయింది. బట్టలు కొట్టం చాటున ఉతికి ఆరేసింది, దొంగసొత్తు దాచినట్టు.

నాకన్నీ తెలుసని గొప్పలు పోయాను కదా, నాకేం తెలుసు, బూడిద. అప్పుడు నేను ఆ బిడ్డకు ఉయ్యాల చెక్కుతున్నాను. ఆరేసిన బట్టలు చూసింది మా ఆవిడ ఎదెల్మీరా. నెరెయిదా మనసు విప్పిందీ ఆవిడ దగ్గరే.

ఆదివారం మధ్యాహ్నం అన్నం, నల్ల చిక్కుళ్ల పులుసు అయ్యాక ఒబ్దూలియా బొప్పాయి ముక్కలు కోడలి ముందు పెట్టింది.

"బిడ్డ లేదత్తయ్యా," అంది నెరెయిదా.

"పోయిందా తల్లీ?"

"అసలు రాలేదు. అది ఆకు మైకం. ప్రతి కోతకీ వస్తుంది నాకు."

"ఆకు మైకమా, నీకా?" అని ఎవెలియో నవ్వాడు. ఆమె చెవులు మండిపోయాయి. టేబుల్ కిందికి దూరిపోవాలనిపించింది. ఒబ్దూలియా పళ్లెం కొడుకు వైపు జరిపింది.

"అది ఇలా ఇవ్వండి," అంది నెరెయిదా, తల ఎత్తలేకపోయినా. "ఆకు విషం ఆయన నోటితో తాగుతాడు, నేను చర్మంతో తాగుతున్నాను. రేపటినుంచి నాకు చేతి తొడుగులు కావాలి. పండులో వాటా కావాలి. కడుపు ఉన్నా, లేకపోయినా."

ఎవెలియో నవ్వు ఆగిపోయింది. పళ్లెంలో పెద్ద ముక్క తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఇంతవరకూ ఎదెల్మీరా చెప్పిందే రాశాను, ఒక్క చివరి ముక్క తప్ప. మగవాణ్ణి కాబట్టి, మొగుడు కాస్త మంచివాడైతే బాగుండునని అది నేనే కల్పించాను. ఎవెలియో చెయ్యి కదలలేదు. నెరెయిదా లేచి, టేబుల్ చుట్టూ తిరిగి వెళ్లి, అతని ముందున్న పళ్లెం తీసుకుంది.