కామలేని గొడ్డళ్లు

రఖమాబాయికి కోపమొస్తే చింతలవాడిలో కుక్కలు కూడా పక్క సందులోంచి పోతాయని చెప్పుకునేవారు. అలాంటి మనిషికి, ఆ యేడు హోళికి నాలుగు రోజుల ముందు చావిడిలో, కోపమైతే వచ్చింది గానీ నోట మాట రాలేదు. చూడనివాళ్లెవరూ ఆ సంగతి నమ్మలేదు.

కిన్వట్ పక్కనున్న గోకుంద దాటి అడవి దారిన రెండు కోసులు పోతే వచ్చే ఊరు చింతలవాడి. ఊరి వెనక గైరాన్ గుట్ట ఉంది, పశువులు మేసే సర్కారు గుట్ట. డెబ్బై రెండు కరువులో జనం ఆ గుట్టను నరికి, అమ్ముకుని, పొయ్యిలో పెట్టుకుని బోడిగుండు చేశారు. బావిలో బురద కూడా మిగలలేదు. రఖమాబాయి నెత్తిన బిందె పెట్టుకుని రోజూ రెండు కోసులు నడిచింది. కరువు పోయాక, నరికిన మొద్దుల్లోంచి చిగుళ్లు రావడం చూసి ఇంటింటికీ తిరిగింది. అలా పుట్టింది గుట్ట మండలి. రోజుకు ఇద్దరు కాపలా ఉండాలి, గొడ్డలి పైకి పోకూడదు, అంతే. మగవాళ్లు నవ్వారు. పదకొండు మంది ఆడవాళ్లూ, నలుగురు ముసలివాళ్లూ ఆరేళ్లు కాపలా కాశారు. ఇప్పుడు మోదుగ, తునికి, నల్లమద్ది తొడంత లావయ్యాయి. ఎండలు ముదురుతున్నా బావిలో చేద నిండా మునుగుతోంది.

ఆ పచ్చదనం ఒక కంట్రాక్టర్ కంట్లో పడింది. గుట్టను రాయి కోసం హర్రాజు వేయమని అర్జీ పెట్టుకున్నాడు. మా చేతికే ఇవ్వండని మండలీ పెట్టుకుంది. తాసిల్దార్ న్యాయంగానే మాట్లాడాడు. హోళి అయిన నాలుగో రోజు వచ్చి చూస్తానన్నాడు. చెట్లు నిలబడి ఉంటే గుట్ట మండలిది, కొత్తగా నరికిన మొద్దులు కనబడితే హర్రాజుకు పోతుంది.

సరిగ్గా అప్పుడే దిగంబర్ పక్క ఊరివాళ్లతో పందెం కట్టాడు, ఎవరి హోళి మంట ఎత్తుగా లేస్తుందో చూద్దామని. దిగంబర్ రఖమాబాయికి మరిది కొడుకు, ఊళ్లో పడుచువాళ్లందరికీ నాయకుడు. భుజబలానికి లోటు లేదు, మిగతా బలం సంగతి అడగకూడదు.

“గుట్ట మీదికెళ్లి ఇరువై చెట్లు కొడ్తం పెద్దమ్మా,” అన్నాడు చావిడిలో అందరి ముందూ. “తాడిచెట్టంత హోళి పెడ్తం.”

“చెట్టు మీద చెయ్యేస్తే దండుగ ఏస్త బిడ్డా. మండలి కానూన్ తెల్వదా?”

“హోళి కట్టెకు కానూన్ ఏంది?”

ఆమె నాగన్న పటేల్ వంక చూసింది. చావిడి అరుగు మీద నులక మంచం, మంచం మీద పటేల్, పటేల్ నోట్లో ఊరి రివాజులన్నీ. ఆయన తీర్పులన్నీ పడుకునే చెప్తాడు.

“పోరడన్నది నిజమే రఖమా. హోళికి ఎత్తుకపోయిన కట్టె దొంగతనం కాదు. ఒక్కపారి హోళి కుప్పల పడ్డదంటే ఎవ్వడు ఎనుకకు తియ్యొద్దు. తాతల కాడికెళ్లి గిదే రివాజు.”

అవును, అదే రివాజు. ఆ నాలుగు రోజులూ ఎవరింటి కట్టె అయినా హోళిదే. విరిగిన నాగలి పోవచ్చు, పిడకల గూడు పోవచ్చు, దొడ్డి తలుపే పోవచ్చు. పోగొట్టుకున్నవాడు తిట్టుకోవచ్చు గానీ తిరిగి తెచ్చుకోరాదు. రఖమాబాయి మండలికి ఇన్ని నియమాలు పెట్టి ఈ ఒక్కదాన్నీ మరిచింది. మరిచిందనడం కూడా తప్పే. చిన్నప్పుడు తానూ పటేల్ కొట్టం వాసాలు పీక్కొచ్చిన పిల్లే, హోళి పేరు చెప్పి ఎత్తుకురావడాన్ని ఆమె మనసు ఎన్నడూ తప్పుల్లో కలపలేదు. చెట్లు సన్నగా ఉన్నన్నాళ్లూ వాటి జోలికెవరూ రాలేదు కూడా.

ఇంటికొచ్చి గడపలో కూలబడింది. ఆరేళ్ల కష్టం ఒక్క మంటలో పోయేటట్టుంది.

మర్నాడు పొద్దున మండలి ఆమె వాకిట్లో కూర్చుంది. చెట్లకు అడ్డం నిలబడదామన్నారు కొందరు. మండలిలో అందరికన్నా పెద్దది మైసవ్వ కస్సుమంది.

“అడ్డం నిలబడి ఏం జేస్తరు? ఆళ్లు పరాయోళ్లా? మన కడుపున పుట్టినోళ్లేనాయె. కొట్టలేం, తిట్టలేం.”

అంతలో దిగంబర్ భార్య వత్సల పరుగున వచ్చింది. “అత్తా, పొద్దుగాల్నుంచి గొడ్డలి నూరుతుండు. హోళి నాడు బజార్‌కెళ్లి రాంగనే గుట్ట ఎక్కుతరట.”

రఖమాబాయి తన గొడ్డలిని ముందుకు లాక్కుని, పట్టుకునే కట్టె కామను తడిమి చూసింది. తర్వాత మెల్లగా అడిగింది.

“వత్సలా, గొడ్డలిల ఇనుమెంత, కట్టె ఎంతనే?”

వత్సల తెల్లబోయింది. మైసవ్వకు మాత్రం ముందే అర్థమై, పళ్లులేని నోటితో పకపకా నవ్వడం మొదలుపెట్టింది.

హోళి నాడు పొద్దున్నే మగవాళ్లంతా రంగులకూ, మెళ్లో వేసుకునే చక్కెర పేర్లకూ కిన్వట్ బజారుకు పోయారు. బండ్లు మలుపు తిరిగాయో లేదో, ఊరి ఆడవాళ్లు కొంగులు బిగించారు. ప్రతి ఇంట్లోనూ గొడ్డలిని రాయికేసి నాలుగు దెబ్బలు కొట్టడం, కామ ఊడదీయడం, ఇనుప తలకాయను కడిగి గడపలో పెట్టడం. ఇనుము హోళిది కాదు కదా, దాన్ని ముట్టుకోలేదు. వడ్రంగి మారోతి రంపానికున్న కట్టె చట్రం కూడా పోయింది. చేతుల ఊపు చల్లారక, విరిగిన నాగళ్లు, పాత తలుపులు, చెదపట్టిన కాడి కూడా మోసుకొచ్చారు. మండలికి ఎన్నడూ రాని ఇళ్ల ఆడవాళ్లు సైతం, ఇన్నేళ్ల కసి ఏదో తీర్చుకుంటున్నట్టు, ముందుండి లాగారు.

చివరికి రఖమాబాయి చావిడి అరుగు దగ్గర ఆగింది.

“పటేలా, జర లేవుండ్రి.”

“ఎందుకే?”

“ఊడ్వాలె.”

ఆయన లేచాడు. మంచం పోయింది.

చావిడి ముందు కుప్ప పేర్చి, నడుమ ఆముదపు కొమ్మ నిలబెట్టి, పసుపు కుంకుమ చల్లి, పూర్ణం పోలెలు నైవేద్యం పెట్టారు. ఇక అది హోళి.

మధ్యాహ్నం మగవాళ్లు తిరిగొచ్చారు. ఇంటింటా కేకలు లేచాయి. దిగంబర్ ఉత్త ఇనుప తలకాయ చేతబట్టుకుని చావిడికి ఉరికొచ్చాడు.

“పెద్దమ్మా, నా గొడ్డలి కామ ఏది?”

“గా కుప్పల ఉన్నది బిడ్డా. అడుగునున్నదో, నడుమనున్నదో.”

అతను కుప్ప మీద చెయ్యి వేయబోయాడు. రఖమాబాయి అతని పక్కకొచ్చి నిలబడింది. ఆ చెయ్యి ఒక్క కామ బయటికి లాగితే మిగతావీ వస్తాయి. చీకటి పడేలోగా గుట్ట బోడిదవుతుంది.

“పటేలా! ఎనుకకు తియ్యొచ్చునా? మీరే చెప్పుండ్రి.”

ఊరంతా నాగన్న వైపు తిరిగింది. పటేల్ నిలబడి ఉన్నాడు. ఆయన నిలబడి తీర్పు చెప్పడం అదే మొదటిసారి. కుప్పలోంచి తన మంచం కోళ్లు నాలుగూ పైకి కనబడుతున్నాయి. ముఖం ఎర్రబడింది, మీసం అదిరింది. కానీ మాట మాటే.

“చెయ్యి తియ్‌రా దిగంబర్,” అన్నాడు పళ్లు బిగించి. “నా మంచమే నేను తీసుకుంటలేను.”

“పక్కూరికి పోయి గొడ్డలి అడుక్కోరాదు?” అంది మైసవ్వ. “పందెం కట్టినోళ్లు ఇస్తరేమో.”

ఊరు గొల్లుమంది. దిగంబర్ కూడా నవ్వాపుకోలేకపోయాడు. పొద్దుగూకే వేళ నిప్పు పెడితే, ఏళ్ల తరబడి ఎండిన కట్టె భగ్గున అంటుకుంది. దూరంగా పక్క ఊరి హోళి, పచ్చి కొమ్మలది, పొగ చిమ్మి ఊరుకుంది. పందెం చింతలవాడిదే. జనం రఖమాబాయిని నడుమ పెట్టుకుని, హోళి రివాజు ప్రకారం నోట చెయ్యి కొట్టుకుంటూ బొబ్బలు పెట్టారు. ఆమె అందరికన్నా గట్టిగా పెట్టింది.

మర్నాడు రంగులాటలు కాగానే దిగంబర్, వెనకాల ఇరవై మందీ, ఇనుప తలకాయలు పట్టుకుని ఆమె వాకిట్లో నిలబడ్డారు. కామ లేకుండా సేద్యగాడికి పూట గడవదు.

“గాలికి పడ్డ కొమ్మలున్నయి, ఇస్త,” అంది రఖమాబాయి. “మండలోళ్లకే ఇస్త. ముందుగాల మూడొద్దులు కాపలా కాయుండ్రి.”

తాసిల్దార్ వచ్చేసరికి గుట్ట మీద అడుగడుగునా ఒక పడుచువాడు. ఆయన చెట్లన్నీ చూశాడు, మొద్దులు వెతికాడు, ఒక్కటీ దొరకలేదు. దిగబోతూ, అలవాటుగా వేపకొమ్మ అందుకుని పళ్లు కుట్టుకోవడానికి పుల్ల విరవబోయాడు.

“సాబ్, చెట్టు ముట్టొద్దు!” దిగంబర్ కేక గుట్టంతా వినిపించింది.

తాసిల్దార్ వెనక్కి తిరిగాడు.

“నేనెవరో తెలుసా?”

“తెలుసు సాబ్. గందుకే దండుగ ఏస్తలేను.”

తాసిల్దార్ కొమ్మ వదిలేసి, బంట్రోతును కాగితాలు తెమ్మన్నాడు. పెట్టుకుని రాయడానికి అక్కడ బల్ల లేదు. “వంగు” అన్నాడు. దిగంబర్ వంగాడు. ఆ వీపు మీదే సంతకమైంది.

“పెద్దమ్మా, ఏడుస్తున్నవా?” అన్నాడు దిగంబర్ తలెత్తి.

“ఏడుస్తున్న. అయితేంది? గుట్ట మనదైంది, పోయి ఊర్ల చెప్పుండ్రి!”

పడుచువాళ్లంతా కేకలేసుకుంటూ గుట్ట దిగి ఊళ్లోకి పరుగెత్తారు. దిగంబర్ మాత్రం కదల్లేదు. ఆ పూట కాపలా అతనిది.